శ్రీలంక: యుద్ధం గెలిచారు సరే, తర్వాత ఎక్కడ తప్పింది?

తీరంవాసి:
2009 మేలో ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్‌టీటీఈ ఓటమితో శ్రీలంకలో ఇరవై ఆరేళ్ల యుద్ధం ముగిసింది. పదమూడేళ్లు తిరక్కుండానే, 2022 ఏప్రిల్‌లో, విదేశీ అప్పులు కట్టలేమని అదే దేశం చేతులెత్తేసింది. ఈ రెండింటికీ నేరుగా సంబంధం ఉందని నా వాదన. ఉత్తరాది తమిళులతో రాజకీయ ఒప్పందానికి రావాల్సిన సమయంలో అధ్యక్షుడు మహింద రాజపక్స ప్రభుత్వం రోడ్లు, రేవులు కట్టి ఇదే శాంతి అంది. యుద్ధం గెలిచినవాణ్ణి ప్రశ్నిస్తే ద్రోహి అన్నారు. యుద్ధం ముగియకముందే, 2009 జనవరిలో, పత్రికా సంపాదకుడు లసంత విక్రమతుంగను కొలంబోలో పట్టపగలు చంపేశారు. 2010లో రాజ్యాంగానికి 18వ సవరణ తెచ్చి, ఒకే మనిషి ఎన్నిసార్లయినా అధ్యక్షుడు కావచ్చన్నారు. అడిగేవాడు లేకపోతే ఏమవుతుంది? మహింద సొంత జిల్లా హంబన్‌తోటలో రేవు, పక్కనే మత్తలలో అంతర్జాతీయ విమానాశ్రయం. అక్కడ దిగే విమానాల కోసం ఇప్పటికీ ఎదురుచూపులే. రేవును 2017లో చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకిచ్చారు.

ముందు రాజకీయ పరిష్కారం, తర్వాతే కాంక్రీటు. కాదనేవాళ్లు చెప్పండి.

లెక్కలమాస్టారు:
కథ బాగుంది గానీ లెక్క కుదరడం లేదండీ. యుద్ధం ముగిశాక మొదటి మూడేళ్లు వృద్ధి రేటు 8 శాతం, ఆ పైన. శవాలు లేచే చోట రోడ్డు వేస్తే తప్పా? దివాలాకు దగ్గరి కారణాలు చూడండి. 2019 ఏప్రిల్‌లో ఈస్టర్ బాంబు పేలుళ్లు, దాంతో టూరిజం పడిపోయింది. అదే ఏడాది చివర వ్యాట్‌ను 15 శాతం నుంచి 8కి తగ్గించి ఖజానాకు తామే గండి కొట్టుకున్నారు. ఆపైన కోవిడ్. 2021లో రసాయన ఎరువులపై రాత్రికి రాత్రి నిషేధం, ఏడాది తిరక్కుండానే మళ్లీ వెనక్కి. ఇందులో తమిళుల ప్రశ్న ఎక్కడుంది?

చైనా సంగతి కూడా వాట్సాప్‌లో తిరిగినంత లేదు. విదేశీ అప్పులో పెద్ద ముద్ద చైనాది కాదు, అంతర్జాతీయ మార్కెట్లో ప్రభుత్వం అమ్మిన అప్పుపత్రాలది, అంటే సావరిన్ బాండ్లది.

ఓరుగల్లు రజని:
మీరిద్దరూ కొలంబోలో నిలబడి మాట్లాడుతున్నారు. ఉత్తరానికి రండి. 1990లో ఆగిపోయిన కొలంబో-జాఫ్నా యాళ్‌దేవి రైలు మన రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్ వేసిన పట్టాల మీద 2014లో మళ్లీ జాఫ్నా చేరింది. రోడ్డూ బాగుంది. కానీ ఆ రోడ్డు మీద ముందు వచ్చిందెవరు? దక్షిణాది సరుకు, లీజింగ్ కంపెనీలు, వారంవారం కిస్తీ వసూలు చేసే మైక్రోఫైనాన్స్ వాళ్లు. భర్త చనిపోయో, కనిపించకుండా పోయో ఆడవాళ్లే నడిపే ఇళ్లు అక్కడ వేలల్లో ఉన్నాయి. పొలం సైన్యం కంచె లోపల, సముద్రంలో మన తమిళనాడు ట్రాలర్లు, చేతిలో అప్పు పుస్తకం. 2010లో మన ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ ఎందుకు తేవాల్సి వచ్చిందో గుర్తున్నవాళ్లకు నేను వివరించక్కర్లేదు. అక్కడా 2018లో కరవు జిల్లాల్లోని మహిళల చిన్న అప్పుల్లో కొన్నింటిని ప్రభుత్వమే మాఫీ చేయాల్సి వచ్చింది.

భూమి ఎవరిదో తేల్చకుండా పెట్టుబడి రమ్మంటే ఎవరొస్తారు? రాజకీయం, ఆర్థికం అని రెండు డబ్బాలు పెట్టుకుని కొట్టుకుంటున్నది మీరే. ఉత్తరాదిలోని కేప్పాపులవులో సైన్యం చేతిలో ఉన్న ఊరి భూమి కోసం ధర్నాకు కూర్చున్నవాళ్లకు రెండూ ఒకటే.

తీరంవాసి:
మాస్టారూ, వ్యాట్ తగ్గించిందెవరు? మహింద తమ్ముడు, అప్పటి అధ్యక్షుడు గోటబయ రాజపక్స. ఆయన్ను గెలిపించిందేమిటి, ఆర్థిక శాస్త్రమా? యుద్ధకాలంలో రక్షణ శాఖ కార్యదర్శి అన్న పేరు, ఈస్టర్ పేలుళ్ల తర్వాత జనం భయం. దక్షిణం వీరుడని ఓటేసింది, జాఫ్నా గంపగుత్తగా ఎదుటివాడికి వేసింది. ఎరువుల నిషేధం కూడా ఆయన ఆజ్ఞే. కాదనే ధైర్యం కేబినెట్లో ఎవరికీ లేకపోయింది. దగ్గరి కారణాలంటూ మీరు చదివిన జాబితాలో కోవిడ్, పేలుళ్లు తీసేస్తే మిగిలినవన్నీ ఆ ఒక్క కుర్చీలోంచి వచ్చినవే.

ఇంకో లెక్క. యుద్ధం అయిపోయిన దాదాపు పద్నాలుగేళ్లకు, 2023 జనవరిలో, ఆర్మీ బలాన్ని 2 లక్షల పైచిలుకు నుంచి 2030 నాటికి లక్షకు దించుతామన్నారు. అంతవరకూ ఆ జీతాలు ఎవరు కట్టారు?

లెక్కలమాస్టారు:
ఆర్మీ లెక్క ఒప్పుకుంటా, ఇది నేను ఎప్పుడూ కాదనలేదు. కానీ సిపాయిల్లో ఎక్కువమంది సింహళ పల్లెల పేద ఇళ్ల పిల్లలు. 2010లోనే సగం మందిని ఇంటికి పంపితే ఆ పల్లెల్లో పని ఎక్కడుంది? అప్పుడు ఇంకో గొడవ మొదలయ్యేది. వామపక్ష పార్టీ జేవీపీ 1971లో, మళ్లీ 1987-89లో తిరగబడింది నిరుద్యోగ సింహళ యువకులతోనే.

పైగా మీరు చెప్పే మందు వేసి చూశారు. 2015లో అధ్యక్షుడిగా సిరిసేన, ప్రధానిగా రణిల్ వచ్చారు. కొత్త రాజ్యాంగం అన్నారు, కనిపించకుండా పోయినవారి కోసం ఆఫీసు పెట్టారు, కొంత భూమి తిరిగిచ్చారు. వృద్ధి మందగించింది, ఇద్దరూ ఒకరితో ఒకరు కొట్టుకున్నారు, జనం తరిమేశారు.

ఓరుగల్లు రజని:
వేసింది సగం మందు. విదేశీ జడ్జిలు కూడా ఉండే ప్రత్యేక కోర్టు పెడతామని 2015లో ఐరాస మానవ హక్కుల మండలిలో ఒప్పుకుని వచ్చారు, పెట్టలేదు. 1987 నాటి రాజ్యాంగ 13వ సవరణలో రాసిన పోలీసు, భూమి అధికారాలు ఈ రోజుకీ ప్రావిన్సుల చేతికి రాలేదు. బిడ్డల ఆచూకీ చెప్పమని కిళినొచ్చిలో తల్లులు 2017లో రోడ్డు పక్కన కూర్చున్నారు. అప్పుడున్నది మీరు చెప్పే ఆ సిరిసేన, రణిల్‌ల ప్రభుత్వమే.

మధ్యలో ఒక మాట:
2024 పార్లమెంటు ఎన్నికల్లో జాఫ్నా జిల్లా ఆరు సీట్లలో మూడు, జేవీపీ నడిపే ఎన్‌పీపీ కూటమికి వచ్చాయి. దక్షిణాది పార్టీకి! అంటే తమిళులకు కూడా అధికార వికేంద్రీకరణ కంటే ధరలు, ఉద్యోగాలే ముఖ్యమని కాదా?

ఓరుగల్లు రజని:
తమిళ పార్టీలు ముక్కలై ఒకళ్ల ఓట్లు ఒకళ్లు చీల్చుకున్న ఎన్నిక అది. ఉత్తర ప్రావిన్స్ కౌన్సిల్‌కు 2013లో జరిగిందే మొదటి ఎన్నిక, గడువు 2018లో ముగిసింది, ఆ తర్వాత మళ్లీ పెట్టలేదు. ముందు అది పెట్టి చూడమనండి, జాఫ్నా ఏం కోరుకుంటోందో అప్పుడు మాట్లాడుకుందాం.