అప్‌డేట్: ఓల్డ్ గోవాలో పునీత ఫ్రాన్సిస్ శౌరి దర్శనం

విజయవాడ నుంచి పెద్దవాళ్లతో ఓల్డ్ గోవాలోని బోమ్ జీసస్ బసిలికాకు (పునీత ఫ్రాన్సిస్ శౌరి, అంటే సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్, శరీరాన్ని భద్రపరిచిన చర్చి) వెళ్లాలంటే ఎక్కడ దిగాలి, శౌరివారి శరీరం దగ్గరగా కనిపిస్తుందా అని ఇక్కడ అడిగాను. వెళ్లొచ్చాం. జవాబులు చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్.

అమరావతి ఎక్స్‌ప్రెస్‌కు వాస్కో దాకా టికెట్ ఉన్నా మడ్‌గావ్‌లో దిగిపోండి. ఓల్డ్ గోవాకు దగ్గరి స్టేషన్ కర్మలీ, కానీ అది కొంకణ్ లైన్‌లో ఉంది, ఈ బండి అటు పోదు. మడ్‌గావ్ నుంచి బస్సైతే పణజీలో మారాలి, అక్కడి నుంచి సుమారు 10 కిలోమీటర్లు.

ఇక దర్శనం. దగ్గరగా కనిపించదు. పీఠానికి ఎదురుగా నిలబడితే కుడి పక్క చాపెల్‌లో, ఫ్లారెన్స్ శిల్పి ఫొగ్గీని చేసిన ఎత్తైన పాలరాతి సమాధి మీద వెండి పేటిక ఉంటుంది. కింది నుంచి మెడ ఎత్తి చూడాల్సిందే. చిన్న బైనాక్యులర్ ఉంటే పేటిక మీది చెక్కడాలు తెలుస్తాయి, లేకపోతే వట్టి మెరుపే. శరీరాన్ని కిందికి దించి ఎదురుగా ఉన్న సే కథెడ్రల్‌లో ఉంచేది పదేళ్లకోసారి. మొన్నటిది 2024 నవంబర్ 21న మొదలై 2025 జనవరి 5న ముగిసింది.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. ప్రవేశ రుసుము లేదు. ఆదివారం ఉదయం దివ్యబలి (మాస్) జరుగుతుంటే లోపల తిరుగుతూ చూడటం కుదరదు. డిసెంబర్ 3 శౌరివారి పండుగ, అంతకుముందు నవదిన ప్రార్థనలు: భక్తికైతే అప్పుడే రావాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో మాత్రం వద్దు.