మూడు చుక్కల మీద స్థిర పారామీటర్లు వదిలేయొచ్చా?

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
మారతహళ్లిలో మా రూమ్మేట్ వాళ్ల బావ ఆంధ్రా మెస్ పెట్టాడు. రోజుకి ఎంతమంది వస్తారో లెక్క కట్టిపెట్టమంటే, గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్ తెరిచి కూర్చున్నా. మామూలు రోజు సగటు 40 మంది, శని ఆదివారాలు 65. ఒక్కో సగటుకీ ఏడేసి పాయిజాన్ సంఖ్యలు, అంటే ఆ సగటుకి అటూ ఇటూ యాదృచ్ఛికంగా పడే సంఖ్యలు, కావాలి. సగటులు రెండూ ఒక వెక్టర్‌లో (విలువల వరసలో) పెట్టి, ల్యాప్లైకి (ఒక్కో విలువనీ తీసి ఫంక్షన్‌కి అందించేది) ఆర్‌పాయిస్ (పాయిజాన్ సంఖ్యలు పుట్టించే ఫంక్షన్) ఇచ్చి, చివర 7 అని రాశా. ఎర్రర్ లేదు, వార్నింగ్ కూడా లేదు. తీరా చూస్తే మొదటి దాంట్లో 40 సంఖ్యలు, అన్నీ 7కి అటూ ఇటూ. రెండో దాంట్లో 65, అవీ అంతే. ఆ లెక్కన ఏడుగురికి వండితే బావ షట్టర్ దించుకోవాల్సిందే!

7కి ముందు ఎన్ అని పేరు పెడితే సరిపోయింది. అయితే మారని విలువల్ని ఇలా మూడు చుక్కల దారిలో, అంటే ల్యాప్లైకి అదనంగా ఇస్తే అది ఫంక్షన్‌కి దాటించే దారిలో, పంపడం మంచి అలవాటేనా? ఆఫీసులో మా సీనియర్ కూడదంటాడు.

రాగిసంగటి:
మీ సీనియర్ మాట నిజమే తమ్ముడూ. ల్యాప్లై తన చేతిలో ఉండే విలువను, పేరు పెట్టి నింపకుండా మిగిలిన మొదటి ఖాళీలో పడేస్తాది. ఆర్‌పాయిస్‌లో మొదటి ఖాళీ ఎన్, అంటే ఎన్ని సంఖ్యలు కావాల అనేది. నీ 40 అందులో పడె, 7 పోయి ల్యామ్డాలో, అంటే సగటు ఉండాల్సిన చోట, కూర్చునె. ఎన్‌కు పేరు పెట్టినాక 40 పక్కకు జరిగింది, అంతే. కోడ్ చదివేవాడు ఈ కథంతా మనసులో నడిపించుకోవాల్నా? పేరులేని చిన్న ఫంక్షన్ రాసి, ఎన్ ఇంత, ల్యామ్డా ఇది అని విప్పి చెప్తే పోలా? 2021లో ఆర్ 4.1 వచ్చినప్పటి నుంచి ఫంక్షన్ అనే మాటకు బదులు వెనక్కి వాలిన గీత ఒకటి గీస్తే చాలు. ఇంకేం సాకు!

పెసరట్టు ఉప్మా:
నేను ఒప్పుకోను. తప్పు చుక్కలది కాదు, పేరు పెట్టకపోవడానిది. పనిని కంప్యూటర్‌లోని నాలుగు కోర్లకు పంచి చూడండి, అప్పుడు తెలుస్తుంది చుక్కల విలువ. విండోస్‌లో అలా పని పంచుకునే ఒక్కో వర్కరూ ఖాళీ బుర్రతో పుట్టే కొత్త ఆర్. మీరు బయట రాసుకున్న రోజుల వేరియబుల్ దానికి తెలీదు, క్లస్టర్‌ఎక్స్‌పోర్ట్‌తో దాన్ని పంపడం మర్చిపోతే ఆబ్జెక్ట్ లేదని మొరాయిస్తుంది. చుక్కల్లో పంపిన విలువ మాత్రం ఫంక్షన్ వెంటే వెళ్తుంది.

పైగా పేరులేని ఫంక్షన్‌ని ఇంకో ఫంక్షన్ లోపల రాస్తే, పుట్టింటి సామానంతా మూటగట్టుకుని బయల్దేరుతుంది. నాకు ఓసారి పక్కనే పడున్న పెద్ద డేటాఫ్రేమ్, దాంతో పనే లేకపోయినా, ప్రతి వర్కర్‌కీ కాపీ అయింది. ల్యాప్‌టాప్ మీద దోసె పోసుకోవచ్చు, అంత వేడి.

రాగిసంగటి:
పేరు పెడితే చాలంటివి. బూట్ ప్యాకేజీలో (డేటాను మళ్లీ మళ్లీ శాంపిల్ చేసేది) నేను పెట్టినా. నా స్టాటిస్టిక్ ఫంక్షన్‌కు డబ్ల్యూ అని ఒక స్థిర విలువ పంపితే, బూట్‌కే వెయిట్స్ అనే సొంత ఆర్గ్యుమెంట్ ఉండె. మొదటి అక్షరం కలిసిందని మధ్యలోనే లాగేసుకునె. నా ఫంక్షన్ దాకా రానేలేదు. దాని హెల్ప్ పేజీలోనే ఉంది, సగం పేరుతో జత కలుస్తాది జాగ్రత్త అని. ఎవరు చదువుతారు?

గోదారి గట్టు:
ఎందుకండీ ఈ తగువు? అసలు ల్యాప్లై ఎందుకండీ? ఆర్‌పాయిస్ ల్యామ్డాగా వెక్టర్నే పుచ్చుకుంటుంది కదా. 14 సంఖ్యలు అడిగి, రెండు సగటులూ ఇచ్చేయండి.

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
అదీ చేశానండి. ఏడు వరసల మ్యాట్రిక్స్‌లో పోస్తే సోమవారం, శనివారం కలగాపులగం అయిపోయాయి.

గోదారి గట్టు:
ఆయ్, అవునండోయ్. అది 40, 65, 40, 65 అని మార్చి మార్చి తిప్పుతుంది, మ్యాట్రిక్సేమో నిలువు వరసలో నింపుతుంది. సగటులకి రెప్ (విలువల్ని మళ్లీ మళ్లీ రాసేది) పెట్టి, ఈచ్ 7 అనండి. ముందు ఏడు నలభైలు, తర్వాత ఏడు అరవై అయిదులు వస్తాయి. ఒక్క లైనండి. చుక్కలూ లేవు, పేరులేని ఫంక్షనూ లేదు.

పెసరట్టు ఉప్మా:
పాయిజాన్ కాబట్టి సరిపోయిందండి. ఫంక్షన్ మనం రాసుకున్నదై, లోపల ఇఫ్ ఉండి, ఒక్క విలువనే తీసుకునేదైతే?

గోదారి గట్టు:
అప్పుడు మీరిద్దరూ కొట్టుకోండి.

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
ప్రస్తుతానికి రాగిసంగటి అన్న చెప్పినట్టు పేరులేని ఫంక్షన్‌తోనే రాశా. ఏడేసి సంఖ్యలు, సగటులూ సరిగ్గానే ఉన్నాయి. బావకి చూపిస్తే, శనివారం 65 సరేగానీ గోంగూర మటన్ వండిన శనివారం ఎంత అంటున్నాడు.

పెసరట్టు ఉప్మా:
ఇంకో పారామీటర్ వచ్చిందిగా? ఇక చూసుకోండి, ఆ చిన్న ఫంక్షన్ ఎంత పొడుగు సాగుతుందో.