తుమ్మ బంక వేగినా పళ్లకు అతుక్కుంటోంది, ఎందుకు?

బెజవాడ_అమ్మాయి: చెల్లికి కాన్పై పదిహేను రోజులు. తుమ్మ బంకతో లడ్డూలు చేశా. పైన బాగానే పొంగింది, నమిలితే పళ్లకు అతుక్కుంటోంది. రోజుకు ఎన్ని పెట్టొచ్చు?

వంటింటి_వాణి: మంట ఎక్కువైంది. బంకను శనగగింజంత ముక్కలుగా కొట్టండి. నెయ్యి కాగాక సెగ తగ్గించి, వాయికి ఒక్క చెంచాడే వెయ్యండి. ఒకటి తీసి వేళ్లతో నలిపితే పొడైపోవాలి. నడుమ గాజుపలుకులా మెరిస్తే వేగనట్టే. మూడుసార్లు నెయ్యి పాడుచేసుకుని నేర్చుకున్నా.

పాతబస్తీ_పిల్లోడు: వేయించడం ఎందుకు? నేను రాత్రి రెండు పలుకులు నానేశా, పొద్దున్నకి గిన్నెడు జెల్లీ! సబ్జా, చల్లటి పాలు కలిపి తాగా. ఎండాకాలంలో ఇదే నా ప్రాణం.

వంటింటి_వాణి: అది గోంద్ కతీరా బాబూ, వేరే రకం బంక. తుమ్మ బంక నీళ్లలో కరిగిపోతుంది, అలా ఉబ్బదు.

పాతబస్తీ_పిల్లోడు: కొట్లో గోంద్ అనే ఇచ్చారు. నాకు పాఠాలు చెప్పకండి.

నల్లమల_వాసి: ఉబ్బేది తపసి చెట్టు బంక కూడా. మా నాన్న అడవిలో తీసి గిరిజన సహకార సంస్థకు అమ్మేవారు. తెల్లటి పలుకుకు మంచి ధర, బెరడు అంటిన నల్లదానికి తక్కువ. గొడ్డలితో లోతుగా నరికి ఎన్ని చెట్లను చంపేశారో! పైపైన గాటు పెడితే చాలు. తినేవాళ్లు చెట్టు గురించి ఒక్కమాటైనా అడగరు, అదే నా బాధ.

డైట్_మాధవి: పదేళ్లుగా డైటీషియన్‌ని. బంకలో ఉండేది ముఖ్యంగా పీచు. లడ్డూలో బలం నెయ్యి, బెల్లం, బాదం, గోధుమపిండిది. బంక వల్లే ఎముకలు గట్టిపడతాయని చాలామంది అంటారు, అలా చెప్పకండి.

గుంటూరు_కోడలు: ఎవరండీ మీరు? మా అమ్మమ్మ నలభై రోజులు పెట్టింది, నాకు నడుంనొప్పే రాలేదు!

డైట్_మాధవి: నెయ్యి, విశ్రాంతి కూడా నలభై రోజులు దొరికాయి కదా. తినొద్దని నేను అనలేదు. ఉబ్బే బంకను మాత్రం పొడిగా మింగొద్దు, గొంతులో అడ్డుపడుతుంది. బాగా నానబెట్టే తాగాలి. మందులు వేసుకునేవాళ్లు మందుకూ బంకకూ మధ్య కాస్త ఎడం ఇవ్వాలి.

గుంటూరు_కోడలు: పెద్దవాళ్ల మాట తీసెయ్యకండి, అంతే.

పల్లె_బడి: మేం చిన్నప్పుడు తుమ్మ బంక నీళ్లలో కరగబెట్టి పుస్తకాలకు అట్టలు అతికించేవాళ్లం. దోసిట్లో ఏరుకొచ్చేవాళ్లం, సగం నోట్లోకే పోయేది.

బెజవాడ_అమ్మాయి: వాణి గారూ, నలిపి చూశా, పిండైపోయింది! రెండో వాయి వేస్తున్నా. రోజుకు ఎన్నో ఎవరూ చెప్పలేదు...