పోర్టల్ కాలంలో కాలేజీ ఫుట్‌బాల్ జట్టును నిలబెట్టుకునేదెలా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు): అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఆటగాళ్లు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (జట్టు మారాలనుకునేవాళ్లు పేరిచ్చే జాబితా) ద్వారా జట్లు మారిపోతున్నారు కదండీ. మంచి కుర్రాళ్లను కోచ్‌లు ఎలా నిలుపుకుంటారు?

జవాబు 1: 2024 నుంచి చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చు, ఏడాదిపాటు ఆటకు దూరం కానక్కర్లేదు. ఒక కోర్టు కేసులో కుదిరిన ఒప్పందంతో, 2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు. మొదటి ఏడాది పరిమితి అన్ని ఆటలకూ కలిపి 2.05 కోట్ల డాలర్లు. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఫుట్‌బాల్ జట్టు 105 మందే. 2026లో పోర్టల్ తెరిచింది జనవరి 2–16 మధ్యే. అప్పుడు బేరం మొదలుపెడితే ఆలస్యమే. సీజన్ నడుస్తుండగానే ఏ స్థానానికెంతో లెక్క రాసుకుని, ముందు సొంతవాళ్లతో మాట్లాడాలి.

జవాబు 2: డబ్బొక్కటే చాలదండీ. రెండో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) వెళ్లేది చాలాసార్లు ఆడే అవకాశం లేకే. లైన్‌మెన్‌ను (ముందు వరసలో ఢీకొనే భారీ ఆటగాళ్లను) మాత్రం హైస్కూలు నుంచే తెచ్చి పెంచాలి. ఒళ్లూ బలమూ రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది.

జవాబు 3: కోచ్ మారితే మరో చిక్కు. కొత్తాయన్ని ప్రకటించిన ఐదు రోజులకు, ఆ జట్టు ఆటగాళ్లు పోర్టల్‌లో పేరివ్వడానికి 15 రోజుల గడువు తెరుచుకుంటుంది. ఆలోపు ఆయన ముందు కూర్చోవాల్సింది ఉన్న ఆటగాళ్లతోనే.