పూర్వ విద్యార్థుల సంఘం న్యూస్‌లెటర్: మొత్తం మెయిల్‌లోనే ఇవ్వాలా, లింకు చాలా?

వేపచెట్టు: మా హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం తరఫున నెలకోసారి ఈమెయిల్‌లో న్యూస్‌లెటర్ పంపుతున్నాను. 600 మందికి వెళ్తుంది. సగం మంది ఊళ్లో, హైదరాబాద్‌లో. మిగతావాళ్లు డల్లాస్, దుబాయ్ లాంటి చోట్ల. ఏడాదిగా ఒక్కరూ జవాబు రాయలేదు. వ్యాసాలు పూర్తిగా పెట్టాలా, నాలుగు లైన్లు పెట్టి వెబ్‌సైట్ లింకు ఇవ్వాలా? కమిటీలో తలా ఒక మాట అంటున్నారు.

సర్వర్ సుబ్బయ్య: లింకే. నేనూ మా బడి సంఘానికి ఈ పని చేశాను కాబట్టి చెబుతున్నా. మెయిల్ 102 కేబీ దాటితే జీమెయిల్ అక్కడితో కోసేస్తుంది. తెలుగు బరువెక్కువ. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, మన 'క'కు మూడు కావాలి, 'క్ష'కు తొమ్మిది. కోసేస్తే అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్, అంటే 'ఇక పంపొద్దు' అనే లింకు, కనబడదు. అది దొరకనివాళ్లు స్పామ్ నొక్కుతారు. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపే ఉండాలని గూగుల్ నిబంధన. 600 మందిలో ఇద్దరు నొక్కితే 0.33.

చెరువుగట్టు: వాట్సాప్ గ్రూపు ఉండగా మెయిల్ ఎవరు చూస్తారండీ?

పాలపిట్ట: వాట్సాప్‌లో పొద్దున పెట్టింది సాయంత్రానికి గుడ్ మార్నింగ్‌ల కింద పడిపోతుంది. మెయిల్ అయితే ఏడాది తర్వాత వెతికినా దొరుకుతుంది.

సుబ్బయ్య గారూ, వెయ్యి మాటల తెలుగు వ్యాసం 25 కేబీ చుట్టుపక్కలే ఉంటుంది. మిగతా బరువు మీ రంగు డబ్బాలది, బటన్లది. వాటిని తీసేస్తే వ్యాసం హాయిగా పడుతుంది. 2024 ఫిబ్రవరి నాటి ఆ నిబంధనలు రోజుకు 5,000 మెయిళ్లు పంపేవాళ్లకి, 600 మందికి పంపే సంఘానికి కాదు.

సర్వర్ సుబ్బయ్య: సగం చదివి చెప్పకండి. 5,000 లెక్క డీమార్క్‌కి, అంటే మెయిల్ నిజంగా ఆ పేరువాళ్లే పంపారా అని తేల్చే ఏర్పాటుకి, ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే ఏర్పాటుకి. స్పామ్ శాతం అందరికీ వర్తిస్తుంది. ఇంకోటి, లింకు ఇస్తే ఎంతమంది నొక్కారో తెలుస్తుంది. పూర్తి వ్యాసం పెడితే చదివారో లేదో మీకు ఎలా తెలుస్తుంది?

మిరపతోట: ఎంత శాతం మంది మెయిల్ తెరిచారో చెప్పే ఓపెన్ రేటు చూస్తే తెలుస్తుందిగా?

సర్వర్ సుబ్బయ్య: తెలియదు. మెయిల్‌లోని బొమ్మ దిగితేనే తెరిచినట్టు లెక్కేస్తారు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో కొత్త ప్రైవసీ ఏర్పాటు తెచ్చింది. అది ఆన్‌లో ఉంటే మనిషి మెయిల్ తెరవకపోయినా బొమ్మలు ముందే దిగిపోతాయి, మనకేమో తెరిచినట్టు లెక్క పడుతుంది.

మిరపతోట: వేపచెట్టు గారూ, మీ సబ్జెక్ట్ లైన్ ఏం పెడుతున్నారు?

వేపచెట్టు: 'పూర్వ విద్యార్థుల సంఘం మాసపత్రిక, మార్చి సంచిక'. నెల మాత్రం మారుస్తాను.

మిరపతోట: ఫోన్‌లో మొదటి మూడు నాలుగు మాటలే కనబడతాయి. మీ మెయిళ్లన్నీ ఒకే మెయిల్‌లా ఉంటాయి.

పాలపిట్ట: లింకు అంటే నాకెందుకు ఒళ్లు మండుతుందో చెబుతాను. మా నాన్న ఒక బడిలో అటెండరు. 31 ఏళ్లు రైలుపట్టా ముక్క మీద గంట కొట్టారు. సుత్తి పట్టిన బొటనవేలు పక్కన కాయ కాసి ఉండేది. ఆయన పోయాక ఆ బడి సంఘం అడిగితే రెండు పేజీలు రాసిచ్చాను. న్యూస్‌లెటర్‌లో మూడు లైన్లు వేసి 'ఇంకా చదవండి' అన్నారు. నొక్కితే లాగిన్ అడిగింది. మా అమ్మ తమ్ముడి ఫోన్ పట్టుకుని వరండాలో కూర్చుని, పాస్‌వర్డ్ లేక ఆ మూడు లైన్లే రెండుసార్లు చదివించుకుంది. ఆ మూడు లైన్ల కింద ఏముందో తెలుసా? చందా కోసం క్యూఆర్ కోడ్. అది మాత్రం పూర్తిగా వేశారు.

సర్వర్ సుబ్బయ్య: అమ్మగారి విషయంలో జరిగింది తప్పే. లాగిన్ పెట్టకూడదు. కానీ రాసేవాళ్ల బాధే బాధ కాదు. రెండేళ్లు రాత్రుళ్లు కూర్చుని నేను లేఖ తయారుచేశాను, సాఫ్ట్‌వేర్ డబ్బులు నా జేబులోంచే. పది పేజీల జ్ఞాపకాలు పంపేవాళ్లు చాలామంది. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు పెట్టిద్దాం అంటే పలికినవాళ్లు నలుగురు. మీరు రెండు పేజీల కోసం కొట్లాడుతున్నారు, నేను తలుపు కోసం.

పాలపిట్ట: అదీ సంగతి. ఇంతసేపూ కేబీలు, శాతాలు అన్నారు. మీకు కావాల్సింది చదివేవాళ్లు కాదు, డబ్బులిచ్చేవాళ్లు.

సర్వర్ సుబ్బయ్య: అవును, కావాలి. సిగ్గుపడను. సంఘం పెట్టుకున్నదే బడి కోసం.

పాలపిట్ట: నెలనెలా చేయి చాపే చుట్టం వస్తే తలుపు తీస్తారా ఎవరైనా?

వేపచెట్టు: ఒక సంగతి ముందే చెప్పాల్సింది. పోయిన ఏడాది నుంచి కమిటీ మాట మీద ప్రతి సంచికలో మొదట చందా విజ్ఞప్తే పెడుతున్నాను. జవాబులు ఆగిపోయింది కూడా అప్పటినుంచే. పైగా పంపే అడ్రసును 'నో రిప్లై'కి మార్చారు. రాయాలనుకున్నా ఎవరూ రాయలేరని మీ ఇద్దరి మాటలు చదివాకే తట్టింది.

ఈసారి నా సొంత అడ్రసు నుంచి పంపుతాను. సబ్జెక్ట్ 'మన బడి చింతచెట్టు కొట్టేశారు'. వ్యాసం పూర్తిగా మెయిల్‌లోనే, ఒక్క ఫోటో, చివర 'ఆ చెట్టు కింద మీకు ఎవరు పాఠం చెప్పారు?' అని ఒక ప్రశ్న. క్యూఆర్ తీసేస్తున్నాను.

సర్వర్ సుబ్బయ్య: ఫోటో బరువు తగ్గించండి, ఊళ్లో నెట్ నెమ్మది. క్యూఆర్ మొత్తం తీసేయకండి, అడుగున ఒక్క లైనైనా ఉంచండి. మా బడిలో ఆ తలుపు ఇవాళ్టికీ లేదు.

పాలపిట్ట: ఆ తలుపు గురించి ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయితో రాయించండి, పేరు లేకుండా. మీ సంఘానికి మళ్లీ పంపండి. తుంచకుండా మొత్తం వేయండి.