అప్‌డేట్: మేడ మీద వాన లెక్క తేలింది, పంచాయితీ తేలలేదు

వాయుగుండం రోజున విశాఖలో మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ మేడ మీద, ఇక్కడే ఉండే మాస్టారి బకెట్ 150 మి.మీ. చూపిస్తే నా గాజు సీసా 71 చూపించింది, ఎవరిది నిజం అని అడిగాను కదా. ఇద్దరిదీ తప్పే!

బకెట్ మూతి వ్యాసం 30 సెం.మీ., అడుగు 22. వెడల్పు మూతిలో పడిన వాన ఇరుకు అడుగున చేరి ఎత్తు ఎక్కువ చూపిస్తుంది. పోయిన పోస్టు కింద మీరు చెప్పినట్టే స్కేలుతో ఎత్తు చూడటం మానేసి, పాల కొలతతో బకెట్లో నీళ్లు కొలిచాం. 6.8 లీటర్లు. చదరపు మీటరుకి లీటరు పడితే 1 మి.మీ. కాబట్టి మూతి వైశాల్యంతో భాగిస్తే 96 వచ్చింది. అంటే వాతావరణ శాఖ లెక్కలో అది ‘భారీ’ వానే. ‘అతి భారీ’ అనాలంటే కనీసం 115.6 ఉండాలి. మాస్టారి మొహం చూడాలి అప్పుడు.

నా సీసా పిట్టగోడ పక్కన పెట్టాను, గాలివాన సగం గోడకే తగిలింది. ఇప్పుడు మేడ మధ్యలో ఇటుకల నడుమ నిలబెట్టాం. రోజూ పొద్దున్న 8:30కే కొలత.

“2014 హుద్‌హుద్‌ తుఫానుకి తలుపులే ఎగిరిపోయాయి, ఇదీ ఒక వానేనా” అని కింది పోర్షన్ పిన్నిగారు. సెల్లార్‌లో నా స్కూటర్ సైలెన్సర్ దాకా మునిగింది పిన్నిగారూ అన్నాను. “డ్రెయిన్‌లో కొబ్బరి డొక్కలు తియ్యండి ముందు” అన్నారు. తీశాం. మూడు గోనెసంచులు.