సెకండ్ హ్యాండ్ వీఎంసీకి నేరుగా 415 వోల్టులు ఇచ్చేయొచ్చా?

బాలానగర్ షెడ్డు:
అన్నలూ, తైవాన్ వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచి లోహాన్ని చెక్కే మిషను) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. శనివారం షెడ్డులో దిగుతుంది. నేమ్ ప్లేటు మీద 3 ఫేజ్, 220 వోల్టులు, 15 కేవీఏ అని ఉంది. అమ్మినాయనేమో "మూడు ఫేజులూ తగిలించెయ్, నడిచిపోద్ది" అంటున్నాడు. మీటరు నుంచి మిషను దాకా 25 మీటర్లు. లేత్ కోసం తెచ్చిన 6 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి కేబుల్ మిగిలి ఉంది. సరిపోతుందా?

ప్యానెల్ మావయ్య:
ఆగు తమ్ముడూ! మన దగ్గర ఫేజుకీ ఫేజుకీ మధ్య 415. నీ మిషను అడిగేది 220. తగిలిస్తే డ్రైవ్‌లు (మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెలు) ఢామ్మంటాయి. ఒక షెడ్డులో కళ్లారా చూశాను, మెయిన్ వేసిన చేత్తోనే ముక్కు మూసుకున్నాం.
ముందు మిషను వెనక తలుపు తీసి చూడు. కొన్నిటికి లోపలే ట్రాన్స్‌ఫార్మర్, దానికి 415 ట్యాపు (415 తగిలించుకునే టెర్మినల్) ఉంటాయి. లేకపోతే 20 కేవీఏ స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ (415ని 220కి దించేది) ఒకటి బయట పెట్టాలి. ఇక్కడ కేబుల్ లెక్క మారిపోతుంది. 15 కేవీఏకి 415 వైపు 21 ఆంపియర్లే, 220 వైపు అయితే 39. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌ని మీటరు దగ్గర కాదు, మిషను పక్కనే పెట్టు. 25 మీటర్లకు నీ 6 స్క్వేర్ చాలు. అక్కడి నుంచి మిషనుకు 10 స్క్వేర్ వెయ్.

బాలానగర్ షెడ్డు:
తలుపు తీయించి చూశా మావయ్యా, లోపల ఏమీ లేదు. బయటే పెట్టాలి.

ఆటోనగర్ కుర్రాడు:
మాకు ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేసినప్పుడల్లా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్చు) పడిపోయేది. షార్ట్ ఉందేమోనని రెండు రోజులు వైర్లన్నీ పీకి చూశాం. చివరికి తేలింది ఏంటంటే, ఆన్ చేసిన క్షణంలో అది కరెంటును ఒక్కసారిగా లాగుతుంది. సి కర్వ్ ఎంసీబీ తీసి, ఆ క్షణపు లాగుడుకి ఓర్చుకునే డి కర్వ్ 32 ఆంపియర్లది వేశాక మళ్లీ పడలేదు. ఇంకోటి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఎర్త్ లీకేజీని పట్టే స్విచ్చు) వెనక ఈ మిషన్లు పెడితే డ్రైవ్‌ల ఫిల్టర్ లీకేజీకే ట్రిప్ అవుతుంటాయి.

బాలానగర్ షెడ్డు:
ఎర్తింగ్ సంగతి? మిషనుకు వేరే గుంత తీసి, ప్యానెల్ ఎర్త్‌తో కలపకుండా విడిగా ఉంచమంటున్నాడు అమ్మినాయన. కలిపితే కంట్రోలర్‌కు నాయిస్ వస్తుందట.

లేత్ పని:
మేమూ విడిగానే ఉంచాం. ఏమీ కాలేదు.

ప్యానెల్ మావయ్య:
ఇంకా ఏమీ కాలేదు అనండి. లెక్క చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (220 వైపు) స్టార్ పాయింట్ (మూడు చుట్లు కలిసే చోటు) ప్యానెల్ ఎర్త్‌కు కట్టి ఉంటే, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 127 వోల్టులు. ఏదో ఒక ఫేజు మిషను బాడీకి తగిలింది, గుంత రెసిస్టెన్స్ 5 ఓమ్‌లు అనుకుందాం. మట్టిలోంచి తిరిగొచ్చేది మహా అయితే 25 ఆంపియర్లు. 50 ఆంపియర్ల ఎంసీబీకి చీమ కుట్టినట్టైనా ఉండదు. ఈలోగా మిషను బాడీ అంతా లైవ్! ఆపరేటర్ చెయ్యి దాని మీదే ఉంటుంది కదా.
గుంత తీసుకోండి, వద్దనను. కానీ దాన్ని ప్యానెల్ ఎర్త్ బార్‌తో కలపాల్సిందే. బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ వైర్లు వెయ్యండి. నాయిస్ బాధ ఉంటే ఎన్‌కోడర్ (మోటార్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) కేబుళ్లను పవర్ కేబుళ్లకు దూరంగా లాగండి.

లేత్ పని:
ఈ ఆదివారం కలిపేస్తాం మావయ్యా.

బాలానగర్ షెడ్డు:
అప్‌డేట్. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించా. సెకండరీలో మీటరు పెడితే 221 చూపించింది. ఆన్ చేశాం, అలారం లేదు. కూలెంట్ పంపు మాత్రం తిరుగుతోంది కానీ చుక్క నీళ్లు రాలేదు. స్పిండిల్ (టూల్‌ని తిప్పే ఇరుసు) సరిగ్గానే తిరుగుతోంది కాబట్టి గంట సేపు పైపులు ఊదుతూ కూర్చున్నాం.

ప్యానెల్ మావయ్య:
పంపు ఉల్టా తిరుగుతోంది. స్పిండిల్ డ్రైవ్ మీద నడుస్తుంది, దానికి ఫేజుల వరస పట్టదు. మెయిన్ ఆపి, డ్రైవ్ చార్జ్ లైటు ఆరేదాకా ఆగి, ఇన్‌కమింగ్‌లో ఏవైనా రెండు ఫేజులు మార్చు.

బాలానగర్ షెడ్డు:
మార్చాం. నీళ్లు నేరుగా మా హెల్పర్ మొహం మీదే కొట్టాయి.